వదిలేసిన బంతి కోసం కడియం దాకా

గోదావరి జిల్లాలకు వెళ్లొచ్చానంటే మా గుంతకల్లులో అందరూ ముందు అడిగేది, "పూతరేకులు తెచ్చావా?" అని. తెచ్చాను, రైల్లోనే సగం పొడైపోయాయి. తర్వాత అడిగేది, "ఏ గుడికి వెళ్లావు?" అని. ఏ గుడికీ వెళ్లలేదు. నేను వెళ్లింది ఒక గోల్‌కీపరు కోసం.

నేను బట్టలు కుట్టుకుని బతికే మనిషిని. ఎనిమిదో తరగతితో బడి మానేశాను గానీ చదవడం మానలేదు. మా శాఖా గ్రంథాలయంలో తెలుగు పుస్తకాల బీరువాలు మూడు పూర్తి చేశాను. నాలుగో దాంట్లో ఆటల పుస్తకాలున్నాయి. వాటిలో ఒకటి గడ్డకట్టిన మంచు మీద ఆడే హాకీ గురించి. కాళ్లకు స్కేట్లు, బంతి బదులు నల్లటి రబ్బరు బిళ్ల. డబ్బిచ్చి ఆడించడం మొదలైన తొలి రోజుల్లో ఒక గోలీ, అంటే గోల్‌కీపరు, ఎలా బతికాడో అందులో ఒక అధ్యాయం ఉంది. ముఖానికి ముసుగు లేదు. బిళ్లను ఆపడానికి నేల మీద పడకూడదు, పడితే శిక్ష. తప్పు చేస్తే మైదానం పక్కన బల్ల మీద తనే వెళ్లి కూర్చోవాలి, అంతసేపూ గోలు ముందు ఎవరో చేతగానివాడు నిలబడాలి. గనుల ఊళ్లు ఇలాంటివాళ్లను జీతమిచ్చి తెచ్చుకునేవి. గెలిస్తే జట్టంతా గెలిచినట్టు, ఓడితే గోలీ ఒక్కడే ఓడినట్టు.

ఆ అధ్యాయాన్ని నా కుట్టుమిషను పక్కన కూర్చున్న డెస్మండ్ గారికి చదివి వినిపించాను. ఆయన మా వీధి చివర ఉండే ఆంగ్లో ఇండియన్ పెద్దమనిషి, ఒకప్పుడు ముందు వరసలో లెఫ్ట్ ఇన్‌గా ఆడి పేరు తెచ్చుకున్న హాకీ ఫార్వర్డు. ఎనభైకి దగ్గర పడ్డారు. చెవులు బాగా మందగించాయి, మోకాళ్లు అరిగిపోయాయి. ప్యాంటు పొడవు తగ్గించుకుందామని వచ్చిన మనిషి, చదవడం అయ్యాక లేవలేదు.

"పద్మా, నేనొక కీపర్ని ముంచేశానమ్మా" అన్నారు.

హాకీలో గోలు ముందు అర్ధచంద్రంలా ఒక గీత ఉంటుంది. దాన్ని డీ అంటారు. డీ బయటనుంచి కొట్టిన బంతి నేరుగా గోల్లోకి పోయినా గోలు కాదు. డీ లోపల గోలు కొట్టే జట్టు ఆటగాడి కర్ర తగిలితేనే గోలు. యాభై ఏళ్ల కిందట కాకినాడ మైదానంలో ఒక ఫైనల్ మ్యాచ్. డెస్మండ్ గారి జట్టువాడు డీ బయటనుంచి కొట్టాడు. అవతలి కీపరు కదలకుండా నిలబడి బంతిని వదిలేశాడు. ఆపబోతే కాలికి తగిలి ఎదురుగా ఉన్న డెస్మండ్ గారికి దొరుకుతుంది గనక వదిలేయడమే తెలివి. బంతి డెస్మండ్ గారి కర్ర పక్కనుంచి, తగలకుండా, లోపలికి పోయింది. బంతి గోల్లో పడితే కర్ర పైకెత్తడం ఆయనకు అలవాటు. ఎత్తేశారు. అంపైర్ దగ్గరికి వచ్చి "తగిలిందా?" అని అడిగాడు. చుట్టూ జట్టంతా గంతులేస్తోంది. ఆయన తల ఊపారు.

ఆ గోలుతో డెస్మండ్ గారికి ఉద్యోగం వచ్చింది. ఆ కీపరుకు ఒక మిల్లు ఆట కోసమే జీతమిచ్చేది. మ్యాచ్ అమ్మేశాడని మాట పుట్టి అతన్ని తీసేశారని తర్వాత తెలిసిందట.

"ఆయన బతికుంటే ఈ మాట ఆయన చెవిన పడాలి" అన్నారు. ఆయన చెబుతుంటే నేను ఉత్తరం రాశాను. తెలుగు మాట్లాడడమే గానీ రాయడం ఆయనకు రాదు. రెండు జట్లూ కలిసి దిగిన పాత ఫోటో వెనక "సూరిబాబు, నిడదవోలు" అని ఉంది. మా దగ్గర ఉన్న చిరునామా అంతే.

నిడదవోలు: తప్పు ఇంట్లో భోజనం

డిసెంబరు నెల. తెల్లారి రైలు దిగేసరికి కాలవ మీద పొగమంచు. మా ఊళ్లో ట్యాంకరు వచ్చిన రోజు పండుగ, నీళ్లను బిందెలతో కొలుచుకుంటాం. ఇక్కడ నీళ్లు రోడ్డు పక్కనే ఎవరూ అడగకపోయినా పోతున్నాయి. చాలాసేపు అలా చూస్తూ నిలబడ్డాను. ఒకాయన సైకిలాపి, "ఏమన్నా పడిపోయిందాండీ?" అని అడిగాడు.

మార్కెట్లో చేపలమ్మే ఒకావిడ దగ్గరికి వెళ్లాను. పేరు మంగమ్మ. కత్తిపీట ఆపకుండానే మాట్లాడింది.

"ఏ సూరిబాబండీ? ఊరినిండా సూరిబాబులే. రైసుమిల్లు సూరిబాబా, కరెంటు సూరిబాబా, బావగారి సూరిబాబా?"

"పొడుగ్గా ఉంటారు. ఆటలాడేవారు."

"పొడుగంటే కరెంటు సూరిబాబేనండి. స్తంభం ఎక్కక్కర్లేదు, నిలబడే బల్బు మారుస్తాడు." పక్కనున్న వాళ్లంతా నవ్వారు. "రొయ్యలు తీసుకోండమ్మా, మంచివి."

"లాడ్జిలో వండుకోలేను కదమ్మా."

"అయితే ఎవరింటికన్నా ఎల్లి వండించుకోండి. ఈ ఊళ్లో కాదంటారేంటి?"

నవ్వులాటకు అందనుకున్నాను. కరెంటు సూరిబాబు గారింటికి వెళ్లాక అది నిజమని తెలిసింది. గేటు తీసిన ఇల్లాలు నన్ను చూసి పేరు అడగలేదు, పని అడగలేదు. "రండమ్మా, కాళ్లు కడుక్కోండి" అంది. కాళ్లు కడుక్కునేసరికి మంచినీళ్లు. అవి తాగేసరికి విస్తరి. నేను నోరు తెరిచినప్పుడల్లా "ముందు తినండమ్మా, మాటలెక్కడికి పోతాయి" అని ఏదో ఒకటి వడ్డించింది. గుత్తివంకాయ, మజ్జిగపులుసు, రొయ్యల వేపుడు, ఆవకాయ. మా గుంతకల్లులో వచ్చినవాళ్లకు ఉగ్గాని బజ్జీ పెడతాం, కాదనను. కానీ ముందు "ఏం పని మీద వచ్చారు?" అని అడిగాకే పెడతాం. ఇక్కడ కడుపు నిండేదాకా ఎవరివని అడగడం మర్యాద కాదట.

పెరుగన్నం దగ్గర సూరిబాబు గారొచ్చారు. నలభై ఏళ్లుంటాయి. ఫోటో మ్యాచ్ నాటికి ఆయన పుట్టనే లేదు. నాకు పొలమారింది.

సంగతి చెబితే దంపతులిద్దరూ పడి పడి నవ్వారు. "పర్లేదండి, ఏ సూరిబాబింట్లో తింటే ఏముంది" అన్నాడాయన. ఫోటో చూసి నవ్వు తగ్గించాడు. "ఈయన వదిలేసిన సూరిబాబు గారండీ. ఎప్పుడో కడియం ఎల్లిపోయారు."

"వదిలేసిన అంటే?"

"ఏదో మ్యాచ్‌లో బంతి వదిలేశారంటండి. డబ్బు తీసుకుని వదిలేశాడని మా నాన్న చెప్పేవాడు. నిజమో కాదో మనకేం తెలుసండి. కానీ కడియం ఎల్లి గోల్‌కీపర్ సూరిబాబంటే ఎవరికీ తెలీదు. వదిలేసిన సూరిబాబు అనండి, ఇంటి గుమ్మంలో దింపుతారు."

ఆ పేరు నా నోటితో అనాలంటే నాకు మనసు రాలేదు. సంచిలో ఉన్న ఉత్తరం బరువెక్కింది. డెస్మండ్ గారు ఒక్కసారి తల ఊపారు, అది ఇక్కడ ఒక మనిషికి ఇంటిపేరైపోయింది.

రాజమండ్రి: వంతెన మీద

మర్నాడు ప్యాసింజరులో గోదావరి దాటాను. వంతెన ఎక్కగానే పెట్టెలో సగం మంది జేబులు తడుముకుని కిటికీలోంచి నీళ్లలోకి నాణేలు వేశారు. నా దగ్గర చిల్లర లేదు. ఎదురుగా కూర్చున్న ముసలావిడ తన రూపాయి ఒకటి నా చేతిలో పెట్టి, "నా పేరున కాదు, మీ పేరునే వెయ్యండి" అంది. వేశాను. ఊచకు తగిలి పెట్టెలోనే పడింది. "ఉండనీండి, ఉద్దేశం చేరిపోద్ది" అని ఆవిడే సర్దిచెప్పింది.

ఊళ్లో రోజ్‌మిల్క్ తాగాను, ముప్పై రూపాయలు, అంత దూరం నడిచినందుకు తగ్గట్టే ఉంది. పాత గ్రంథాలయమొకటి కనబడితే ఆగలేక లోపలికి వెళ్లి బీరువాలు చూశాను. మా ఊరికంటే చాలా ఎక్కువ ఉన్నాయి, కాస్త ఈర్ష్య కలిగింది. ఆటల వరసలో హాకీ మీద ఒక్క పుస్తకమూ లేదు. మా నాలుగో బీరువా మీద గౌరవం పెరిగింది.

సాయంత్రం గట్టు మీద కూర్చుని అవతలి ఒడ్డు వెతుక్కుంటూ ఆలోచించాను. యాభై ఏళ్ల తర్వాత ఒక కొత్త మనిషి గుమ్మంలోకి వచ్చి, మీ బతుకు ఒక అబద్ధం వల్ల ఇలా తిరిగిందని చెబితే ఎవరికి మంచిది? మంచం మీద నిద్రపట్టని డెస్మండ్ గారికా? మానిపోయిన దాన్ని మళ్లీ గీరించుకునే సూరిబాబు గారికా? పుస్తకాల్లో ఇలాంటివాటికి జవాబు దొరుకుతుందనుకునేదాన్ని. అయినా మర్నాడు కడియం బయల్దేరాను.

కడియం: చేతికొచ్చింది వదలని మనిషి

కడియం దారిలో రెండు పక్కలా ఇళ్లకంటే మొక్కలే ఎక్కువ. నూరు వరహాలు, బంతి, చామంతి, పేరు తెలియనివి వందల వరసలు. రాజస్థాన్ నుంచీ గుజరాత్ నుంచీ వచ్చిన లారీలు ఆగి ఉన్నాయి. నేను ఎండు నేల నుంచి వచ్చినదాన్ని. మొక్కలు లారీలెక్కి దేశం చూడబోతుంటే ముచ్చటేసింది.

ఆటో డ్రైవరుకు ముందు "గోల్‌కీపర్ సూరిబాబు గారు" అన్నాను. తల అడ్డంగా ఊపాడు. చివరికి గొంతు తగ్గించి ఆ పేరు చెప్పాను. "ఆయ్, అలా చెప్పండి మరి!" అని బండి తిప్పాడు.

అరెకరం నర్సరీ. అప్పుడే లారీకి ఎత్తుతున్నారు. కిందివాళ్లు మొక్కల సంచుల్ని ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి విసురుతుంటే, లారీ మీద నిలబడి పట్టుకుంటున్నది ఒక పొడుగాటి ముసలాయన. ఒకటి గురి తప్పి పక్కకు పోయింది. ఒక అడుగు పక్కకేసి, ఎడమ చేత్తో గాలిలోనే అందుకున్నాడు. ఒక్క ఆకు రాల్లేదు. ఎడమ కనుబొమ్మ మీద, ఫోటోలో కనబడిన పాత మచ్చే. ఎవర్నీ అడగక్కర్లేకపోయింది.

"దిగండి, ఎవరో వచ్చారు. డెబ్భై ఏడేళ్లకి లారీ ఎక్కుతారు, కీళ్లనొప్పులంటారు" అని కిందనుంచి అరుస్తున్న ఆవిడ ఆయన భార్య సత్యవతమ్మ గారు.

ఈసారి నేను తెలివి తెచ్చుకుని, విస్తరి వేయకముందే గుంతకల్లు నుంచి వచ్చానని, హాకీ గురించి మాట్లాడాలని చెప్పేశాను. ఆయన ముఖం తలుపేసినట్టయింది. ఉత్తరం తీయడానికి నాకు ధైర్యం చాలక, మంచు మీద ఆడే గోలీల గురించి మొదలుపెట్టాను.

"మంచు మీదా?" అన్నారాయన. "జారిపోరూ?"

"జారడానికే కాళ్లకు స్కేట్లు కట్టుకుంటారు. గోలీ మాత్రం కింద పడకూడదు. పడితే శిక్ష."

"పడకుండా ఎలా ఆపుతాడండీ? అన్యాయం కదా! ముఖానికి?"

"ఏమీ లేదు."

"మాకూ లేదు." కనుబొమ్మ తడుముకున్నారు. "ఇది మిల్లు తరఫున మొదటి ఏడు. రక్తం కళ్లలోకి వస్తుంటే తువ్వాలు కట్టుకుని ఆడాను. కాళ్లకి ఏం కట్టుకునేవారంట?"

"తోలు సంచుల్లాంటివి. లోపల బూరుగుదూది. తడిస్తే బరువెక్కేవి."

ఆయన మోకాలి మీద చరుచుకుని నవ్వారు. "సత్యా, ఇన్నావా? మేం దూది పాడైతే కొబ్బరిపీచు కుక్కేవాళ్లమండీ. వాన పడితే కాళ్లకి చెరో దూడ కట్టినట్టుండేది. ఆ కాళ్లతోనే పరిగెత్తేవాణ్ణి. మిల్లులో నాకు పనేంటో తెలుసా? గేటు దగ్గర కుర్చీ. వచ్చినోళ్లకి దణ్ణం పెట్టడం, సాయంత్రం బంతులాపడం. అలా ఆరేళ్లు. రాజాలా బతికాను."

"తర్వాత?"

"తర్వాత కడియం." అంతే అన్నారు.

ఇక ఆపుకోలేకపోయాను. ఉత్తరం తీసి చదివాను. పొడుగేం కాదు.

"కీపర్ గారికి. ఆ రోజు బంతి నా కర్రకు తగల్లేదు. అలవాటు కొద్దీ కర్ర ఎత్తాను. అంపైర్ అడిగితే తల ఊపాను. మీరు వదిలేయడం సరైన ఆట. ఇది నేను మైదానంలోనే చెప్పాల్సింది. చెప్పలేదు. మీ ఉద్యోగం పోయిందని తెలిశాక కూడా చెప్పలేదు. ఇట్లు, లెఫ్ట్ ఇన్ ఆడిన డెస్మండ్."

ముందు మాట్లాడింది సత్యవతమ్మ గారు. "ఇప్పుడు గుర్తొచ్చిందా ఆయనకి? ఈయన మొక్కలకి మట్టి కలిపే కూలికి ఎల్లినప్పుడు రాలేదా? మా అన్నయ్యలు పెళ్లి వద్దన్నప్పుడు రాలేదా?" ఆమె నన్నే తిడుతున్నట్టుంది. తలొంచుకున్నాను.

సూరిబాబు గారు మాత్రం నేల చూస్తూ, "ఆ లెఫ్ట్ ఇన్ కర్ర ఎటుంది అప్పుడు? నాకు కుడి పక్కనా?" అని అడిగారు.

"మీకు కుడి పక్కన, జానెడు దూరంలో పోయిందన్నారు బంతి."

"జానెడు." కళ్లు మూసుకున్నారు. "నేనూ జానెడనే అనుకున్నాను. తర్వాత్తర్వాత, అందరూ అంటుంటే, నాకే అనుమానం వచ్చిందండీ. తగిలిందేమో, నేనే సరిగ్గా చూడలేదేమో అని. మళ్లీ చదవండి."

మళ్లీ చదివాను. మూడోసారీ చదివించుకున్నారు. "ఫోన్ కలపనా? ఆయనకు చెవులు వినబడవు గానీ ముఖం చూడొచ్చు" అన్నాను.

"వద్దండి. ఇద్దరు ముసలాళ్లు ఫోన్లో ఏడ్చుకుంటే చూసేవాళ్లకి బాగోదు."

టీ కొట్టు

ఉత్తరం మడవబోతుంటే సత్యవతమ్మ గారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఇక్కడ మన ముగ్గురికీ చదివితే ఏం లాభమమ్మా? ఆ మాట అన్నది టీ కొట్టు దగ్గర. చదవాల్సింది కూడా అక్కడే."

"ఎందుకే ఇప్పుడు" అంటూనే ఆయన చొక్కా మార్చుకున్నారు.

కొట్టు వీర్రాజు అనే ఆయనది. టీ పది రూపాయలు, మా ఊళ్లోకంటే గ్లాసు కాస్త పెద్దది. బెంచీల మీద పది మంది ఉంటారు. డీ అంటే ఏమిటో ముందు నేనే వివరించాను. గ్రంథాలయంలో చదివిన మనిషికి అలాంటి అవకాశం రోజూ రాదు. బెంచీ మీద చెంచాతో అర్ధచంద్రం గీసి మరీ చెప్పాను. తర్వాత ఉత్తరం చదివాను.

వీర్రాజు మరుగుతున్న పాల కింద మంట తగ్గించాడు.

"అంటే," అన్నాడు వీర్రాజు, "ఆట తెలిసినోడు కాబట్టే ఒదిలేశాడన్నమాట. తెలియనోడైతే ఎగబడి తన్నేవాడు."

"అదే చెప్పాను మీ నాన్నకి. నువ్వు పుట్టకముందు నుంచీ చెప్పాను" అన్నారు సూరిబాబు గారు.

"మా నాన్న ఎవరి మాట విన్నాడండీ, మా అమ్మ మాటే వినలేదు. మరిప్పుడు మిమ్మల్ని ఏమని పిలవాలి? ఊళ్లో ఏడుగురు సూరిబాబులు. కొరియర్ వాడు పార్శిళ్లన్నీ నా కొట్లో పడేసి పోతాడు."

ఆయన టీ చివరి గుక్క తాగి, గ్లాసు బల్ల మీద పెట్టారు. "అదే పిలవండ్రా. ఒదిలేశాను, నిజమే కదా. ఎందుకు ఒదిలేశానో తెలుసుకుని పిలవండి."

"తెలియనట్టు పిలిస్తే టీ కొట్టు మారుస్తాం" అన్నారు సత్యవతమ్మ గారు. ఆ పూట వీర్రాజు మా దగ్గర టీ డబ్బు తీసుకోలేదు.

బయల్దేరేటప్పుడు సూరిబాబు గారు తడి గోనె చుట్టిన రెండు గన్నేరు మొక్కలు తెచ్చారు. "మీ ఊళ్లో నీళ్లుండవన్నారు కదా, ఇది బతుకుద్ది. రెండూ నాలుగు గజాల ఎడంలో నాటమనండి. ఆ కొలత ఆయనకి తెలుసు. మధ్యలో ఏం వెయ్యొద్దనండి."

"ఇంకేమైనా చెప్పమంటారా?"

"చాలండి. అర్థమవుద్ది." తర్వాత ఆగి, "తిన్నారా ఆయన, బాగున్నారా అని అడిగానని చెప్పండి" అన్నారు.  దారిలో తినమని సత్యవతమ్మ గారు కట్టిన పులిహోర పొట్లాలు రెండున్నాయి. ఒకదాని మీద పెన్నుతో "ఆయనకి" అని రాసి ఉంది.

గుంతకల్లు

రైలు ఒకరోజు ఆలస్యమై, పులిహోర పులిసింది. డెస్మండ్ గారు అయినా మొత్తం తిన్నారు. నేను మొక్కల్ని చూపించి, చెప్పిన కొలత చెవి దగ్గర గట్టిగా అరిచి చెబితే, నా మెడలోని టేపు అడిగి తీసుకున్నారు. నాలుగు గజాలంటే రెండు టేపుల మీద ఇరవై నాలుగు అంగుళాలు. ఆయనకు మోకాళ్లు వంగవు గనక నేలమీద ఆ చివర నేను పట్టుకున్నాను. రెండుసార్లు కొలిపించారు.

మొక్కలు నాటాక చేతికర్ర గోడకు ఆనించి, నెమ్మదిగా నడుచుకుంటూ వాటి మధ్యకు వెళ్లారు. గోడకు వీపు పెట్టి, వీధి వైపు తిరిగి నిలబడ్డారు. రెండు చేతులూ చాచి చూసుకున్నారు. ఎటు చాచినా ఏ మొక్కా అందలేదు.

"పద్మా" అన్నారు, "నేను ఎన్ని వందల సార్లు కొట్టానో ఈ గోల్లోకి. అక్కణ్ణుంచి ఎప్పుడూ ఇరుకుగా కనబడేదమ్మా. ఇక్కడ నిలబడితే ఇంత వెడల్పుంటుందని నాకు తెలీదు."